మూడో కుప్ప

పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిచ్చే దుకాణాలు ఆ వీధిలో ఐదు ఉండేవి. ఐదింటిలోనూ పని ఒకటే గానీ పనితనం ఒకటి కాదు. ఆ తేడా ఏమిటని వీధి చివరి దుకాణం మేస్త్రీని అడిగితే, భోజనాల వేళ మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా చెప్పేవాడు. అడక్కపోయినా చెప్పేవాడు. ఆ అలవాటే కొంప ముంచింది గానీ, అక్కడికి తర్వాత వద్దాం.

మేస్త్రీ పద్ధతి ఇదీ. పరుపును ఇంటివాళ్ళ ఎదుటే కోసేవాడు. లోపలి దూదిని గుప్పెడు గుప్పెడుగా తీసి, కళ్ళు మూసుకుని, బొటనవేలి కింద నలిపి చూసి మూడు కుప్పలు వేసేవాడు. మొదటి కుప్ప బాగున్న దూది. రెండోది చెమట పీల్చి ఉండలు కట్టిన దూది, రెండు రోజులు ఎండబెట్టి రెండుసార్లు ఏకితే పనికొస్తుంది. మూడోది జబ్బు దూది. జ్వరాలు, పుళ్ళు, పసిపిల్లలు తడిపిన పక్కలు, పోయినవాళ్ళ ఆఖరి రోజులు అన్నీ అందులోనే ఉంటాయి. చూడడానికి అదీ తెల్లగానే ఉంటుంది. చేతికి మాత్రం కాస్త జిగటగా, కాస్త బరువుగా తగులుతుంది. ఆ కుప్పను గోనెసంచిలో కుక్కి, ఇంటివాళ్ళ చేతికే ఇచ్చి, "తగలబెట్టించండమ్మా, మొహమాటపడకండి" అనేవాడు. తగ్గిన దూదికి బదులు కొత్తది కలిపి కుట్టేవాడు.

ఎదురు దుకాణం ఆయన తమ్ముడిది. పని నేర్పింది అన్నే. తమ్ముడికి చెయ్యి లేక కాదు, ఓపిక లేదు. కుప్పలు మూడూ వేసేవాడు, అన్న అటు తిరగ్గానే రెండోదీ మూడోదీ కలిపేసేవాడు. ఏకే మిషన్‌లోంచి బయటపడ్డాక ఆ దేవుడు కూడా కనిపెట్టలేడని వాడి ధీమా. దేవుడి సంగతేమో గానీ అన్న కనిపెట్టేవాడు. దారిన పోతూ తమ్ముడు కుట్టిన పరుపు మీద చెయ్యి వేసేవాడు, వెంటనే మొహం చిట్లించేవాడు. "దీని మీద పడుకున్నవాడు రేపొచ్చి నిన్ను తంతాడ్రా" అని పరుపు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ ముందే కడిగేసేవాడు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, తమ్ముడు చెవులు ఎర్రగా చేసుకుని పిచ్చినవ్వు నవ్వేవాడు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని టీ తాగేవాళ్ళు. అలా ఇరవయ్యేళ్ళు గడిచాయి.

ఆ ఏడాది ఎక్కడో ఒక లాడ్జీలో పడుకున్న పదకొండు మందికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పత్రికలు నాలుగు రోజులు రాశాయి. ఐదో రోజు చట్టసభలో ఎవరో లేచి అడిగారు. మంత్రిగారు "పరిశీలిస్తాం" అన్నారు. ఆ మాట అన్నాక మామూలుగా ఏ విషయమైనా చల్లబడిపోతుంది. ఈసారి చల్లబడలేదు. నెల తిరక్కుండా 'పరుపుల పరిశుభ్రత బిల్లు' అని ఒక ముసాయిదా వచ్చింది. పాత దూది వాడే ప్రతి దుకాణంలో ఒక ఆవిరి పెట్టె ఉండాలని, దూదిని అందులో ఉడికించి శుభ్రమని ముద్ర వేయించుకోవాలని అందులో రాశారు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవచ్చట. ఆవిరి పెట్టె బొమ్మ చూస్తే అది వీధిలోని ఏ దుకాణంలోనూ పట్టేలా లేదు. దుకాణాన్నే దానిలో పెట్టొచ్చు.

ఐదు దుకాణాలవాళ్ళూ మేస్త్రీ దుకాణంలో దూది మూటల మీద కూర్చుని సభ చేశారు. అభ్యంతరం కాగితం రాసి పంపారు. కమిటీ ముందుకు ఒక మనిషి వచ్చి చెప్పుకోవచ్చని జవాబొచ్చింది. ఎవరు వెళ్ళాలన్న ప్రశ్నే రాలేదు.

"అన్నయ్యే వెళ్ళాలి," అన్నాడు తమ్ముడు. "అన్నయ్య నోరు విప్పితే అవతలివాడు గుక్క తిప్పుకోలేడు. కానీ అన్నయ్యా, ఒక్కటే చెప్పిరా. ఆవిరి పెట్టె మావల్ల కాదు, పాత పద్ధతే చాలు. అంతే. ఇంకేం మాట్లాడకు."

"నాకు నువ్వు నేర్పుతావుట్రా?" అన్నాడు మేస్త్రీ.

కమిటీ గది పెద్దది. గుర్రపు లాడం ఆకారంలో బల్ల, దాని చుట్టూ ఏడుగురు సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. ఒక మూల కూర్చున్న గుమస్తా ఎవరేమన్నా టకటకా టైపు చేస్తున్నాడు. మేస్త్రీ కంటే ముందు స్పాంజి పరుపుల ఫ్యాక్టరీ తరఫున ఇద్దరు మాట్లాడారు. ఇస్త్రీ చొక్కాలు, సన్నటి ఫైళ్ళు. రెండు నిమిషాల్లో ముగించి, నమస్కారాలు పెట్టి, కుర్చీలు చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్ళిపోయారు. ఇంత తక్కువ మాట్లాడి వీళ్ళేం సాధిస్తారని మేస్త్రీకి వాళ్ళ మీద జాలేసింది.

తన వంతు రాగానే, నేర్చుకొచ్చిన ఒక్క మాటా చెప్పేశాడు. ఆవిరి పెట్టె మావల్ల కాదు, పాత పద్ధతే చాలు. అక్కడితో లేచొచ్చి ఉంటే ఈ కథే లేదు.

"పాత పద్ధతి అంటే ఏమిటి?" అని అడిగింది అధ్యక్షురాలు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ముప్పయ్యేళ్ళలో మేస్త్రీని ఆ మాట అంత మర్యాదగా అడిగినవాళ్ళు లేరు. ఆయన ఒళ్ళు పులకరించింది. కుర్చీ అంచుకు జరిగి, చేతులు రెండూ బల్ల మీద పెట్టి మొదలుపెట్టాడు. మూడు కుప్పల సంగతి చెప్పాడు. మూడో కుప్ప తగిలినప్పుడు బొటనవేలికి ఎలా తెలుస్తుందో గాలిలోనే నలిపి చూపించాడు. సభ్యులు కాగితాలు పక్కన పెట్టి వింటున్నారు. ఒకాయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని ముందుకు వంగాడు.

"అయితే మేస్త్రీ గారూ, మూడో కుప్ప ప్రతి పరుపులోనూ ఉంటుందా?" అన్నాడు పెన్సిల్ సభ్యుడు.

"ఉంటుంది సార్. లేని పరుపు నేనింతవరకూ చూళ్ళేదు."

"కంటికి కనిపిస్తుందా?"

"అబ్బే! కంటికి కనపడితే ఇంక నేనెందుకు సార్? చేతికి తెలుస్తుంది. అదీ పాతికేళ్ళు ఏకిన చేతికి."

"మరి కొనేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"నన్ను నమ్మాలి సార్."

సభ్యులు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. అధ్యక్షురాలు మాత్రం నవ్వకుండా అడిగింది. "మూడో కుప్ప తీసెయ్యకుండా కుట్టేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అప్పుడు మేస్త్రీకి తమ్ముడు కళ్ళ ముందు మెదిలాడు. కానీ అబద్ధం చెబితే తన చేతికీ తమ్ముడి చేతికీ తేడా లేదని తనే ఒప్పుకున్నట్టవుతుంది. అది ఆయనకు ప్రాణం పోయినంత పని.

"ఉన్నారమ్మా," అన్నాడు. "ఎంత చెప్పినా వినరు. పేర్లు మాత్రం అడక్కండి."

పేర్లు ఎవరూ అడగలేదు. గుమస్తా టకటకా కొట్టుకున్నాడు. అధ్యక్షురాలు లేచి నిలబడి మరీ దణ్ణం పెట్టి, "ఇంత నిజాయితీగా మాట్లాడిన సాక్షిని ఈ గదిలో చూడలేదు" అంది. మేస్త్రీ ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నాడు. వారం రోజులు భార్యకు అన్నంతో పాటు అదే వడ్డించాడు. ఆవిడ గలీబులు కుడుతూ, సూది నోట్లో పెట్టుకుని విని, చివరికి ఒకటే అడిగింది. "ఆవిరి పెట్టె సంగతేం తేల్చారండీ?" తను మొదట్లో అన్న ఆ ఒక్క మాట తప్ప, తర్వాత ఆ సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదని మేస్త్రీకి అప్పుడు గుర్తొచ్చింది.

కమిటీ నివేదిక రెండు నెలలకు వచ్చింది. ఆ తర్వాత సభలో ఒక్కరోజే ఎనిమిది బిల్లులు పెట్టారు, పరుపులది ఆరోది. దాని మీద చర్చ ఏడు నిమిషాలు జరిగింది. అందులో రెండు నిమిషాలు మైకు పనిచెయ్యలేదు. తర్వాత చేతులెత్తారు, అయిపోయింది. ఆవిరి పెట్టె మాట చట్టంలో ఎక్కడా లేదు. దాని బదులు ఒకే వాక్యం ఉంది. ఒకసారి వాడిన దూదిని పరుపుల్లో గానీ దిళ్ళలో గానీ తిరిగి నింపడం నేరం. ఆరు నెలల గడువు, ఆ తర్వాత దుకాణానికి సీలు.

గెజిట్ తెచ్చింది తమ్ముడే. వెనక అతికించిన నివేదికలో ఒక పేరా కింద పెన్నుతో గీత గీసి, అన్న ముందు పెట్టాడు. మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు. 'ముప్పయ్యేళ్ళ అనుభవమున్న సాక్షి చెప్పినదాని ప్రకారం, జబ్బు దూది లేని పాత పరుపు లేదు. దాన్ని కంటితో గుర్తించడం సాధ్యం కాదు. దాన్ని తొలగించని వ్యాపారులు ఉన్నారని కూడా సాక్షి అంగీకరించారు. కనుక శుభ్రపరచడాన్ని నియంత్రించడం వృథా, నిషేధించడమే మార్గమని కమిటీ భావిస్తోంది.'

"నేనలా అనలేదురా," అన్నాడు మేస్త్రీ.

"అన్నావు," అన్నాడు తమ్ముడు. "నువ్వు అన్నదే రాశారు. ఒక్క ముక్క కూడా అబద్ధం రాయలేదు. అదే కదా నా ఏడుపు." "ఒక్కటే చెప్పి రమ్మన్నాను అన్నయ్యా. ఒక్కటే."

ఆ సాయంత్రం నుంచి తమ్ముడు అరుగు మీదికి రాలేదు.

ఆరు నెలల్లో వీధి రూపు మారిపోయింది. ఒకాయన ప్లాస్టిక్ కుర్చీల దుకాణం పెట్టాడు. ఒకాయన ఏకే మిషన్‌ను పాత ఇనుముకు అమ్మేసి వియ్యంకుడి ఊరు వెళ్ళిపోయాడు. మూడో ఆయన తలుపులు మూసి, ఎవరికీ చెప్పకుండా మాయమయ్యాడు. మేస్త్రీ కొత్త దూది పరుపులు కుట్టి కొన్నాళ్ళు చూశాడు. పాత పరుపు తెచ్చి బాగుచేయమనే పేదాళ్ళు కొత్త దూది కొనలేరు. కొనగలిగినవాళ్ళు స్పాంజి కొంటారు. చివరికి మిషన్ మీద గుడ్డ కప్పి, ఇంట్లో కూర్చున్నాడు. భార్య సోఫాల దుకాణానికి గలీబులు కుట్టి ఇల్లు నడిపింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది. తమ్ముడు మాత్రం 'కొత్త దూది పరుపులు మాత్రమే' అని బోర్డు రాయించి దుకాణం తెరిచే ఉంచాడు. ఎలా నెట్టుకొస్తున్నాడో అన్నకు తెలియదు. ఎదురుపడితే తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయేవాడు, ఆ నాలుగడుగుల రోడ్డు దాటి వెళ్ళి పలకరించడానికి అన్నకు మొహం చెల్లేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పరిశుభ్రత ఇన్‌స్పెక్టరు మేస్త్రీ ఇంటికి వచ్చాడు. కుర్రాడు, చదువుకున్నవాడు, చెప్పులు గుమ్మం బయట విప్పి వచ్చాడు.

"మేస్త్రీ గారూ, మాకో చిక్కొచ్చింది," అన్నాడు. "పాత దూదికీ కొత్త దూదికీ తేడా మా ఎవరికీ తెలియడం లేదు. ల్యాబ్‌కి పంపితే నాలుగు నెలలు. అప్పటిదాకా దుకాణం మూసి ఉంచాలి. రెండు చోట్ల అలాగే మూయించాం. తీరా చూస్తే అది కొత్త దూదే. ఈలోగా వాళ్ళు రోడ్డున పడ్డారు. మీ సాక్ష్యం నేను చదివాను. మీరు పక్కనుండి చెయ్యి పెట్టి చెబితే చాలు, రూలు ఒప్పుకుంటుంది. తప్పు చెయ్యనివాళ్ళు బతుకుతారు."

ఇన్‌స్పెక్టరు వెళ్ళాక భార్య సూది కింద పెట్టింది. "మీ నోటిని ఇంకోసారి సర్కారుకి అరువిస్తారా?" అంది.

"నోరు కాదే, చెయ్యి," అన్నాడు మేస్త్రీ. "పోయినవి నేను తేలేను. ఉన్నవాళ్ళనైనా కాపాడనీ."

వెళ్ళాడు. మూడు వారాల్లో ఊరి నాలుగు మూలలా తొమ్మిది దుకాణాలు చూశాడు. ఏడు చోట్ల "కొత్తదే సార్" అన్నాడు. ఆ మాట వినగానే వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. ఒక ముసలావిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మిగతా రెండు చోట్ల దూదిలో జబ్బు నిండి ఉంది, ఆ సంగతే చెప్పాడు, చెప్పినందుకు బాధపడలేదు. రాత్రి నిద్ర పట్టడం మొదలైంది. చేసిన పాపం కొంచెం కొంచెంగా కరుగుతోందనుకున్నాడు.

నాలుగో వారం ఇన్‌స్పెక్టరు జీపు వాళ్ళ వీధిలోకే తిరిగింది.

"సార్, మా వీధి వద్దని ముందే చెప్పాను," అన్నాడు మేస్త్రీ.

"ఫిర్యాదు వచ్చింది మేస్త్రీ గారూ. మీరు రానంటే శాంపిల్ ల్యాబ్‌కి వెళ్తుంది. నాలుగు నెలలు మూతే. మీరొస్తే ఇప్పుడే తేలిపోతుంది. కొత్తదైతే భయమేముంది?"

మేస్త్రీ జీపులోంచి దిగాడు. కొత్తదే అయ్యుంటుంది, అంత పెద్ద బోర్డు పెట్టాడు కదా అనుకున్నాడు. కాకపోతే కొత్తదనే చెబుదాం అని కూడా అనుకున్నాడు. అవును, ఆ నిమిషంలో అబద్ధానికి మనసారా సిద్ధపడ్డాడు. తమ్ముడి కోసం అది చెయ్యగలనని తెలిసి గుండె తేలికపడింది కూడా.

దుకాణంలో ఒక పరుపు సగం కుట్టి ఉంది. తమ్ముడు దబ్బనం చేత్తో పట్టుకునే లేచాడు. అన్నను చూసి మొహం పాలిపోయింది. "కొత్తది సార్, మిల్లు రసీదు ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన ఇద్దరు జవాన్లు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన పరుపు మూల విప్పి, ఒక గుప్పెడు దూది తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడు.

మేస్త్రీ అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

పాత దూదే. పోగు పొట్టిదై, అలిసిపోయి ఉంది. ఆ సంగతి బొటనవేలికి తగలగానే తెలిసిపోయింది. కానీ ఆయన వెతికింది మాత్రం చేతికి తగల్లేదు. జిగట లేదు. బరువు లేదు. చెమట జాడ లేదు. ఒక్క నలుసు, ఒక్క ఉండ లేదు. ఇంకో గుప్పెడు తనే తీశాడు. ఇంకొకటి తీశాడు. తమ్ముడు మూడు కుప్పలూ వేసి, మూడోది మొత్తం పారేసి, రెండోది కూడా సగం పారేసి, మిగిలినదాన్ని ఎన్నిసార్లు ఏకాడో, ఎన్ని గంటలు వేళ్ళతో ఏరాడో. ఇరవయ్యేళ్ళు అరిచి మొత్తుకున్నా వినని పని, మాటల్లేని ఈ నెలల్లో ఒక్కడే కూర్చుని చేశాడు. మేస్త్రీకి పట్టరాని సంతోషం పొంగుకొచ్చింది. ఎక్కడున్నాడో, ఎందుకొచ్చాడో మరిచిపోయాడు.

"ఒరేయ్! ఏం ఏకావురా!" అన్నాడు. "సార్, ఇలా రండి, పట్టుకుని చూడండి. పాత దూదిని ఇంత శుభ్రంగా తీసినవాడు ఈ ఊళ్ళో లేడు. నేను కూడా తియ్యలేదు. నాలుగుసార్లు ఏకాడు సార్, నాలుగుసార్లు! పసిపిల్లని పడుకోబెట్టొచ్చు దీని మీద..."

ఇన్‌స్పెక్టరు పెన్ను కాగితం మీద ఆగిపోయి ఉంది. జవాన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్రాడి కళ్ళలో, ఎందుకన్నారండీ అన్న బాధ కనిపించాక గానీ మేస్త్రీకి తన మాట తనకు వినపడలేదు. చేతిలోని దూది అలాగే ఉండిపోయింది.

"సార్, నేను చెప్పేది... శుభ్రంగా ఉందని సార్. జబ్బు దూది ఒక్క పోగు లేదు. నా మీద ఒట్టు."

"శుభ్రం అన్న మాట చట్టంలో లేదు మేస్త్రీ గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "ముసాయిదాలో ఉండేది. శుభ్రంగా ఉందో లేదో కంటితో తెలియదని మీరు చెప్పాక తీసేశారు. ఇప్పుడు పాతదా, కొత్తదా అంతే. వీళ్ళిద్దరూ విన్నారు, నేనేం చెయ్యను?"

ఆయన రాసుకున్నాడు. రాసి, సంతకానికి కాగితం మేస్త్రీ వైపు తిప్పాడు. మేస్త్రీ చెయ్యి కదల్లేదు. జవాన్లలో ఒకడు జీపులోంచి లక్క, గుడ్డపట్టీ తెచ్చాడు. రెండోవాడు సగం కుట్టిన పరుపును చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

తమ్ముడు దబ్బనం గోడకున్న మేకుకు తగిలించి అన్న దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు మేస్త్రీ. కొట్టినా బాగుండును అనుకుని, తల వంచి నిలబడ్డాడు.

"నిజంగా బాగుందా అన్నయ్యా?" అని అడిగాడు తమ్ముడు.

మేస్త్రీ గుప్పిట్లోని దూదిని ఇంకోసారి నలిపి చూశాడు. "బాగుందిరా," అన్నాడు.

"నాలుగుసార్లు కాదు, ఐదుసార్లు ఏకాను," అన్నాడు తమ్ముడు. తర్వాత వాళ్ళు తలుపు మూసి సీలు వేసుకోవడానికి వీలుగా గుమ్మం మీంచి పక్కకు తప్పుకున్నాడు.